అక్క పేరున్న తట్టలు

స్టీలు తట్టల మీద నాకు చాలా కాలంగా ఒక ఫిర్యాదుంది. ఎవరింటికో పోతాం. బొరుగుల ఉగ్గాని పెడతారు. సగం తినేసరికి తట్ట అడుగు నుంచి ఒక పేరు పైకి తేలుతుంది. ఎవరో మేనమామ, ఏదో ఊరు. ఆ మేనమామ ఎవరో నాకు తెలియదు. కానీ ఆయన సొంత ఉగ్గాని నేను తింటున్నట్టూ, ఎంత వదిలేశానో చూడ్డానికి కిందినుంచి తొంగి చూస్తున్నట్టూ ఉంటుంది. ఇచ్చినవాడు ఇచ్చి ఊరుకోవచ్చు. మా వైపు ఊరుకోరు. పెండ్లికి చెంబిచ్చినా, చెంచా ఇచ్చినా దాని మీద ఇచ్చినవాళ్ల పేరు కొట్టించాల్సిందే. పెండ్లి ఫొటోలు మసకబారతాయి, పెండ్లి చేసుకున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తగ్గిస్తారు, పేరు మాత్రం తోమేకొద్దీ మెరుస్తుంది.

ఈ మాట ఇంట్లో అనడానికి లేకపోయింది. మా తాలూకాలో ఈ అలవాటుకు పెద్ద దిక్కు మా అక్కే.

అక్క పేరు సుగుణమ్మ. నాకంటే పదహారేళ్లు పెద్ద. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు. అమ్మ ఎట్లుండేదో నాకు గుర్తులేదు. గుర్తు చేసుకోవాల్సిన అవసరం రాకుండా అక్క చూసింది. శిరివెళ్లలో చిన్న పిల్లల బడిలో టీచరు. నన్ను బి.ఏ. దాకా చదివించి, నాకు హైస్కూల్లో చరిత్ర చెప్పే ఉద్యోగం వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండింది. తాను పెండ్లి చేసుకోలేదు. చర్చిలో ఎవరన్నా అడిగితే, "బడిలో నలభై మంది, ఇంట్లో ఒకడు. మళ్లా ఇంకొకణ్ణి యాడ పెట్టుకునేది?" అనేది.

తన దగ్గర చదివిన పిల్లల పెండ్లి ఒక్కటి విడిచిపెట్టేది కాదు. ప్రతి పెండ్లికీ ఒక తట్ట, దాని మీద ‘సుగుణమ్మ టీచరు’ అని పేరు, పేరు పక్కన ఒక పువ్వు. శిరివెళ్ల నుంచి చాగలమర్రి దాకా ఎన్ని ఇండ్లలో ఎంతమంది అక్క పేరు మీద అన్నం తిన్నారో, లెక్క నాకైతే తెలియదు.

అక్క పోయి ఏడాది దాటింది. ఇప్పుడు రాయగలుగుతున్నాను. పైగా ఇంట్లో పెద్దవాళ్లతో మా మాదిరి పని నెత్తిన పడినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య నా దగ్గరికొచ్చి, "మీరెట్ల చేసినారు సార్?" అని అడిగారు. చాలా బాగా చేశానని వాళ్లకెవరో చెప్పినట్టుంది.

*

1980 ఎండాకాలం. అప్పటికి అక్క రిటైరై నాలుగేళ్లు. ఆళ్లగడ్డలో మాతోనే ఉండేది, నేనూ, నా భార్య రత్నా, అక్కా. మాకు పిల్లలు లేరు. మొదట పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. తరువాత మూడుసార్లు. "వదినా, నేనేస్తాలే ఉప్పు" అని రత్న అంటే, "నువ్వెయ్యవనే గదా నేనేస్తాండేది" అనేది అక్క. మేం నవ్వేవాళ్లం. నవ్వడం తప్పని అప్పట్లో మాకు తెలియదు. ఇప్పటికీ తప్పనిపించదు. పప్పు మాత్రం తప్పే.

వానలు మొదలైనాక ఒకరోజు పొద్దున తొమ్మిదికి అక్క ఇస్త్రీ చీర కట్టుకుని, గొడుగు చంకన పెట్టుకుని ఇంట్లోంచి మాయమైంది. నేను బడి మానేసి ఊరంతా తిరిగాను. మధ్యాహ్నం ఒంటిగంటకు నంద్యాల బస్సు మా వీధి మొదట్లో ఆగింది. ఆడ స్టాపు లేదు. కండక్టరు ఓబులేసు అక్కను చెయ్యి పట్టుకుని దింపాడు.

"శిరివెళ్ల బడికి పోవల్ల అనె సార్. దిగనీలేదు నేను. ‘ఈ పొద్దు బడికి సెలవు టీచర్’ అంటి. ‘ముందే చెప్పుంటే గొడుగు తెచ్చేదాన్ని కాదు గదరా’ అనె. నంద్యాల దాకా తిప్పి తెచ్చినా."

తరువాత రెండేళ్లు వారంలో ఒకటి రెండు రోజులు ఇదే తంతు. ఓబులేసు ముందు సీటు అక్కకే ఉంచేవాడు. జొన్న చేలు, పసుపు తోటలు, దూరంగా నీలంగా నల్లమల. బస్సు నిండా ఆ గాలి. అక్క కిటికీ పక్కన కూర్చుని, లేని బడికి పోతూ, సెలవని తెలిసి సంతోషపడుతూ వెనక్కి వచ్చేది. లోకంలో ఇంతకంటే మంచి ఉద్యోగం నాకు కనిపించలేదు. టికెట్ సంగతి ఎత్తితే ఓబులేసు, "నాకు ఎక్కాలు నేర్పింది ఆయమ్మే సార్. లేకుంటే ఈ సంచి నా భుజానికి యాడిది?" అన్నాడు.

*

1981 చివర్లో నంద్యాలలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. డాక్టరు గది కన్నా బయటి హాలే నాకు బాగా గుర్తు. గోడల వెంట బెంచీలు, పైన కిర్రుమనే ఫ్యాను, కిటికీలోంచి పడిన ఎండ మెల్లగా ఒకరి ఒళ్లోంచి ఇంకొకరి ఒళ్లోకి జరుగుతోంది. ఎవరూ మాట్లాడ్డం లేదు. రోగం కన్నా రోగం పేరు కోసం ఎదురుచూడ్డం కష్టం.

అక్క లేచి నిలబడింది. హాలంతా ఒకసారి చూసింది. "ఏందీ గోల? అందరూ సక్కగా కూచోండి" అంది, ఎవరూ కిక్కురుమనకపోయినా. తరువాత మొదటి బెంచీ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పేరు అడిగింది. మిడుతూరు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు తలపాగా తీసి చేతిలో పట్టుకుని లేచి పేరు చెప్పాడు. బత్తాయిలు ఒలుచుకుంటున్న ఒకామె చెప్పింది. మోకాలికి కట్టు ఉన్నాయన, "లెయ్యలేను టీచరమ్మా, కూచోనే చెప్తా" అన్నాడు. "సరేలే. రేపట్నుంచి లెయ్యల్ల" అంది అక్క. హాలు నవ్వింది. ఆ బత్తాయిలామె సగం కాయ అక్కకిచ్చి, మిగిలిన సగం ఏమీ అడగకుండా నా చేతిలో పెట్టింది.

డాక్టరు తక్కువ మాట్లాడే మనిషి. "తగ్గేది కాదు. నెమ్మదిగా పోతుంది" అన్నాడు. ఏది నెమ్మదిగా పోతుందో చెప్పలేదు. నేనూ అడగలేదు. బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే అక్క, "ఏమనెరా హెడ్‌మాస్టరు?" అంది.

"పాసన్నాడు."

"మరి నీ మొహమేంది, నువ్వు తప్పినట్టు?"

*

1982, 83 సంవత్సరాల గురించి ఎక్కువ రాయను. కిరసనాయిలు స్టవ్వు మీద ఒట్టి గిన్నె ఎర్రగా కాలింది. కిటికీ తెర అంటుకుంది, పక్కింటివాళ్లు చూసి ఆర్పారు. అక్క గడప తట్టుకుని పడింది, తుంటి ఎముక చిట్లింది. మంచం దిగితే ఒకరు పట్టుకోవాలి. నీళ్లు పోసేటప్పుడు ఒకరు ఎత్తాలి. అక్క మా ఇద్దరి కన్నా ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఎనిమిది నెలలు రత్న ఎత్తింది. తొమ్మిదో నెలలో బాయి దగ్గర వంగిన రత్న మళ్లా లేవలేదు. వెన్నుపూస జరిగిందన్నారు. చెక్క మంచం మీద వెల్లకిలా పడుకోవాలి, చెంబు కూడా ఎత్తకూడదు.

ఒక ఇంట్లో రెండు మంచాలు. మధ్యలో నేను, చేతిలో అన్నం తట్ట. ఎవరికి ముందు పెట్టాలో తేల్చుకునేలోపు అది చల్లారేది. అక్కకు నేను నీళ్లు పోయబోతే, "సిగ్గు లేదారా నీకు?" అని చెంబు విసిరేది. నాకు సిగ్గుగానే ఉండేది. ఆ మాట చెప్పే వీలు లేదు.

కూలికి మనుషుల్ని పెట్టాం. అక్క వాళ్ల చేత ఎక్కాలు చెప్పించేది. పదమూడో ఎక్కం దగ్గర అందరూ మానేసేవాళ్లు.

ఒకరోజు రత్న పైకప్పు చూస్తూనే అంది. "మీ అక్కను ఎత్తేకి నాకు నడుము లేదు. మీకుంది. అది పొద్దున్నే బడికి పోతాంది."

నేను బడి సంచి వెతుక్కున్నాను.

"నేను పొమ్మంటాలేను. ఆయమ్మ నన్నేపొద్దూ ఒక మాటనలే. కానీ ఈసారి పడితే ఎత్తేదెవరో చెప్పండి. చెప్తే గమ్మునుంటా."

ఆ ఆదివారం పాస్టరుగారు నంద్యాల ఊరి చివర ఒక ఆదరణ గృహం ఉందని చెప్పారు. మంచం పట్టిన పెద్దవాళ్లను నర్సులు చూసుకుంటారట. పోయి చూశాను. పొడుగాటి వరండా, వేపచెట్లు, వరసగా పన్నెండు మంచాలు, తెల్లటి దుప్పట్లు. గాలికి దుప్పట్ల అంచులు ఒకేసారి లేచి ఒకేసారి పడుతున్నాయి. బాగుందని నాకు కోపమొచ్చింది. బాగాలేకుంటే వెనక్కి వచ్చేసేవాణ్ణి. అక్కడి పెద్ద నర్సు ఎస్తేరమ్మ ఒక కాగితం ఇచ్చింది. ట్రంకు పెట్టె ఒకటి, చీరలు ఆరు, దుప్పట్లు రెండు, తట్ట, గ్లాసు, చెంబు, గిన్నె. అడుగున గీత గీసి, ‘అన్నిటి మీద పేరు ఉండాలి.’

"ఆమెకు చెప్పినారా?" అంది ఎస్తేరమ్మ.

"చెప్తాను."

"అందరూ అట్లనే అంటారు" అంది.

*

1983 డిసెంబరు. జనవరి మొదట్లో తీసుకురమ్మన్నారు. నాకు నెల టైముంది. చరిత్ర చెప్పేవాణ్ణి, రాజ్యాలు పోవడం గురించి గంటసేపు తడుముకోకుండా మాట్లాడతాను. ఇక్కడ ఒక వాక్యం రాలేదు. "అక్కా, నీకొక మంచి చోటు చూసినా" అని బడికి పోయే దారిలో అనుకునేవాణ్ణి. అది నేలలో పాతేటప్పుడు అనే మాటలాగా వినిపించేది.

చెప్పడం చేతకానివాడు కొనడానికి పోతాడు. తట్టా, గ్లాసూ, చెంబూ, గిన్నే కొని, పేరు కొట్టించడానికి బజార్లో మస్తాన్ దగ్గరికి పోయాను. అక్క తట్టలన్నిటికీ ముప్పై ఏండ్లుగా పేరు కొట్టింది అతనే.

"ఎవరి పెండ్లి సార్?"

"పెండ్లి కాదప్పా."

"గృహప్రవేశమా?"

నేను కొంచెం ఆలోచించాను. "అట్లాంటిదే" అన్నాను.

మస్తాన్ ఉలి మీద సుత్తితో టకటకా కొడుతూ పోయాడు. చెయ్యి అలవాటు. ఏం రాయాలని నన్ను అడగనే లేదు. నాలుగిటి మీదా ‘సుగుణమ్మ టీచరు’, పక్కన పువ్వు.

ఇంటికొచ్చేసరికి అక్క మంచం మీద కూర్చుని ఉంది. సంచి నా చేతిలోంచి లాక్కుంది. తట్ట బయటికి తీసి కిటికీ వెలుగుకు పట్టింది. అక్షరాల మీద వేలు పోనిచ్చింది. ఆ మధ్య నా పేరు కూడా ఒక్కోసారి తప్పిపోయేది తనకు. కానీ మొహంలో దీపం పెట్టినట్టయింది.

"ఎవరి పెండ్లిరా?"

నాకప్పుడు తట్టింది. తట్ట మీద పేరుందంటే, ఆ పేరు గలామె తట్టను ఇస్తోందని అర్థం. అరవై మూడేండ్ల జన్మలో అక్క చూసిన ప్రతి తట్టా అదే చెప్పింది. మనిషి తన పేరు కొట్టించుకుని తానే తినడానికి పోయే చోటు ఒకటుందని ఆమెకెవరు చెప్పారు?

"ఏరా, నిన్నే. ఎవరిది పెండ్లి?"

నేను రత్న వైపు చూశాను. రత్న పైకప్పు వైపు చూసింది.

"నంద్యాల్లో" అన్నాను. అంతవరకు నిజమే.

ఆ తరువాతి మూడు వారాలు మా ఇంట్లో ఎప్పుడూ లేనంత సుఖంగా గడిచాయి. అక్క చెంబు విసరడం మానేసింది. పొద్దున్నే తల దువ్వించుకునేది. ట్రంకు పెట్టె తెరిపించి, చీరలు ఒళ్లో వేసుకుని, ఏది ఎప్పుడు కట్టాలో ఆలోచిస్తూ గంటలు గంటలు కూర్చునేది. కొబ్బరినూనె వాసన, కలరా ఉండల వాసన, చలికాలపు పల్చటి ఎండ. నిజంగానే ఎవరిదో పెండ్లి ఉందేమోనని నాకే అప్పుడప్పుడు అనిపించేది. కాగితంలో బట్టల మీద కూడా పేరుండాలని ఉంది కదా, రత్న వెల్లకిలా పడుకునే ఎర్ర దారంతో చీర కొంగుల వెనక పేర్లు కుట్టింది. అక్క అది చూసి, "చీర మీద కూడా నా పేరేందే? నేనేమన్నా జిల్లా పరిషత్తు బెంచీనా?" అంది.

రత్న ప్రతిరోజూ నన్ను పక్కకు పిలిచి ఒకటే మాట. "చెప్పండి."

"రేపు."

"ఆయమ్మ చేత ఎక్కాలు నేర్చుకున్నోళ్లు బస్సులు నడిపిస్తాండారు. మీకు ఒక మాట రాదా? సరే, నేనే చెప్తా."

చెప్పడానికే అక్కను మంచం దగ్గరికి పిలిపించింది. నేనే పట్టుకొచ్చి కూర్చోబెట్టి, వాకిట్లో నిలబడి విన్నాను. రత్న నోరు తెరిచేలోపలే అక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు పెండ్లికి రావద్దులే మే. ఈ నడుంతో బస్సులో కుదుపులు. చెంబు నీ పేరు చెప్పి ఇస్తాలే వాళ్లకు. బేగా పోయి బేగా వస్తాం."

రత్న మొహం గోడవైపు తిప్పుకోవడానికి కూడా వీలులేని మనిషి. కండ్లల్లోంచి నీళ్లు నేరుగా చెవుల్లోకి పోయాయి.

*

1984 జనవరి. ఓబులేసు డ్యూటీ ఉన్న రోజే పోయాం. నేనూ ఓబులేసూ చెరొక పక్క పట్టుకుని అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టాం. ట్రంకు పెట్టె పైన వేశారు. స్టీలు సామాన్లున్న సంచి మాత్రం అక్క ఒళ్లోనే. మంచు ఇంకా విడవలేదు. చేలు పాలల్లో తేలుతున్నట్టున్నాయి. ఎదురొచ్చే ఎద్దుల బండ్లు ముందు గంటల చప్పుడై, తరువాత కొమ్ములై, ఆ తరువాత బండ్లయ్యేవి.

శిరివెళ్లలో బస్సు ఆగింది. అక్క లేవబోయింది. సగం లేచి నా భుజం పట్టుకుని కిటికీలోంచి చూసింది. పిల్లలు పలకలు పట్టుకుని పోతున్నారు.

"బడి" అంది. "దిగల్ల. యాడికి తీసకపోతాండావ్ నన్ను?"

ఓబులేసు నా మొహం చూశాడు. ‘సెలవు టీచర్’ అనే మాట ఇన్నేండ్లు అతనిదే. ఆ రోజు అతను అనలేదు. నా పని నాకే వదిలిపెట్టాడు.

నిజం చెప్పడానికి అంతకు మంచి సమయం లేదు. అడిగింది కూడా. బస్సు ఇంజను ఆపలేదు, గుడగుడమంటూనే ఉంది. నేను నోరు తెరిచాను.

"ఈ పొద్దు సెలవక్కా. పెండ్లికి పోతాండాం."

అప్పటిదాకా నేను అబద్ధం చెప్పలేదు, ఊరుకున్నానంతే. ఆ తేడా పట్టుకునే నెలరోజులు నిద్రపోయాను. అదీ శిరివెళ్లలో దిగిపోయింది. అక్క మాత్రం కూర్చుంది. సంచి సర్దుకుంది. ఓబులేసు రైట్ అన్నాడు.

ఆదరణ గృహం వరండాలో ఎస్తేరమ్మ ఎదురొచ్చింది. అక్క ఆమెను కిందినుంచి పైదాకా చూసి, సంచిలోంచి తట్ట తీసి రెండు చేతులా ముందుకు చాపింది. "పిల్ల తల్లివా? తీసుకో. సుఖంగా ఉండమని చెప్పు పిల్లను. యాడ పిల్ల?"

ఎస్తేరమ్మ ఇట్లాంటివి ఎన్ని చూసిందో. తట్ట తీసుకుని కండ్లకద్దుకుంది. "తయారైతాంది టీచరమ్మా. రా, కాళ్లు కడుక్కుందువు" అని చెయ్యి పట్టుకుంది. నాతో ఒక్క మాట కూడా అనలేదు. ఆమె తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

*

తరువాత రెండేండ్ల పైన అక్క అక్కడే ఉంది. బాగా చూసుకున్నారు. అది చెప్పకపోతే పాపం. నేను ప్రతి ఆదివారం పోయేవాణ్ణి. రత్న నడుము ఆరు నెలలకు కుదురుకుంది. చెంబు ఎత్తగలిగిన మొదటి ఆదివారం తానూ వచ్చింది. మొదటి నెలలోనే అక్క గ్లాసు పక్క మంచం ముసలామెకిచ్చింది, గిన్నె వంటామెకు, చెంబు తోటమాలికి, రత్న పేరు చెప్పే. నేను కొత్తవి తీసుకుపోతే అవీ అంతే. "మళ్లా పెండ్లా సార్?" అనేవాడు మస్తాన్. కొన్నాళ్లకు ఆ వరండాలో ఎవరి అన్నం కిందినుంచి చూసినా అక్క పేరే. ఎస్తేరమ్మ రూలు గంగలో కలిసింది. ఆమె కూడా ఆ మొదటి తట్టలోనే తినేది. చివరి నెలల్లో అక్కకు తన పేరేమిటో తెలియదు. తట్ట చూపిస్తే చదివేది.

నన్ను అడగడానికొచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పోయే చోటు మంచిదే అయ్యుండొచ్చు, పంపక తప్పకపోయుండొచ్చు, మీ తప్పు కూడా లేకపోవచ్చు. అయినా ముందే చెప్పండి. మరచిపోతారు, ఏడుస్తారు, చెంబు విసురుతారు. విసరనీయండి. రోజూ చెప్పాల్సొస్తే రోజూ చెప్పండి. నేను ఒక్కసారి చెప్పి ఉంటే, మొదటిసారి చూడ్డానికి పోయిన ఆదివారం నా దగ్గర ఏదో ఒక జవాబు ఉండేది.

ఆ ఆదివారం అక్క వరండా మెట్టు దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. తల శుభ్రంగా దువ్వారు. పెండ్లికని దాచిన ఆకుపచ్చ చీర కట్టుకుని ఉంది. పక్కనే ట్రంకు పెట్టె. పొద్దున్నించి సర్దించుకుని పెట్టుకుందని నర్సు చెప్పింది. వేపచెట్ల కింద ఎండ చుక్కలు చుక్కలుగా కదులుతోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. నా పేరు పెట్టి పిలిచింది, చాలా రోజుల తరువాత.

"ఎంత సేపురా నీకు? రా, పెట్టెకు ఒక చెయ్యెయ్యి. పెండ్లి అయిపాయ గదా. ఇంక ఈడ మనకేం పని?"